తాళం తప్పిన చోట

నేను ఒక శ్రుతి పెట్టెను. పెట్టె అన్నంత మాత్రాన నాలో నగలో దస్తావేజులో ఉంటాయనుకోకండి, ఉన్నదంతా గాలి. వెనకనున్న తిత్తిని ఆడిస్తే సా, పా కలిపి ఒకే నాదంగా పలుకుతాను. ఆడించడం మానేస్తే ఊరుకుంటాను. పుట్టిన దగ్గర్నుంచి నాకు తెలిసిన మాట ఇదొక్కటే. ఒకే మాట మీద ఇన్నేళ్ళు నిలబడ్డ మనిషిని నేను చూడలేదు. అయినా కచేరీ అయ్యాక శాలువాలు మనుషులకే కప్పుతారు. నాకు కప్పేది పాత దుప్పటి, అదీ దుమ్ము పడకుండా.

ఇప్పుడు నా తిత్తికి చిల్లులు పడ్డాయి. రీడ్లు తుప్పు పట్టాయి. పొన్నూరులో శేషారత్నం ఇంట్లో అటక మీద, చెడిపోయిన గ్రైండరుకూ పచ్చడి జాడీలకూ మధ్య కూర్చుని ఉన్నాను. చెప్పే ఓపిక లేదు గానీ, నేను కూడా పలికిన ఒక రికార్డు గురించి ఈ మధ్య పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవలో అందరి వాంగ్మూలమూ తీసుకున్నారు, నాది తప్ప. అందుకని చెబుతున్నాను.

నన్ను చేసినవాడు బందరులో హార్మోనియాలు బాగుచేసే లాజరు. చెక్క కొత్తదే గానీ రీడ్లు మాత్రం ఎవరిదో పాడైపోయిన హార్మోనియంలోంచి పీకినవి. అతను నన్ను మొదట ఒక హరికథ దాసుగారికి అమ్మాడు. దాసుగారిది మంచి గాత్రమే. కథ రక్తి కడితే అది ఆయన విద్య. గొంతు పక్కకు జారితే మాత్రం వెనక్కి తిరిగి నా వైపు గుర్రుగా చూసి, ఈ పెట్టె శ్రుతి నిలవదండీ అని జనంతో చెప్పేవారు. జారింది ఎవరో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ నేను నోరెత్తేదాన్ని కాదు కదా. ఆయన పోయాక వాళ్ళ ఇంటివాళ్ళు నన్ను ఒక భజన సమాజానికి ఇచ్చారు. అక్కడ నన్ను పలికించిన రోజులకన్నా నన్ను పీటగా వేసుకుని కూర్చున్న రోజులే ఎక్కువ.

ఆ సమాజంవారు ఒక ఏడు శ్రీరామనవమికి గొప్పకు పోయి నాదస్వర మేళం పెట్టించారు. పందిరి ఖర్చే తేలక, మేళానికి ఇవ్వాల్సినదానికి బదులుగా నన్ను వాళ్ళ చేతిలో పెట్టారు. ఆ మేళం తాడిపర్తి కోటిలింగం గారిది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తిత్తి ఒకసారి లాగి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "పోన్లే, ఇది అబద్ధం ఆడదు" అన్నారు. నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు, దాదాపు అదే ఆఖరు.

నాదస్వర మేళంలో ఒక వరస ఉంటుంది. ముందు నాదస్వరం, పక్కన డోలు, వెనక తాళం, అందరికన్నా వెనక శ్రుతి. పేరూ మర్యాదా ఆ వరసలోనే వస్తాయి. తాళం వేసేది మామూలుగా నేర్చుకోవడానికి వచ్చిన శిష్యుడు. గురువు వాయిస్తుంటే వెనక కూర్చుని, చేతుల్లో కంచు తాళాలు పట్టుకుని, లెక్క తప్పకుండా వేస్తూ పోవాలి. తప్పితే గురువు వెనక్కి తిరగరు, భుజం ఒకసారి ఎగరేస్తారు. అంతటితో మేళం మొత్తానికి తెలిసిపోతుంది. తాళం దగ్గర్నుంచి నాదస్వరం దగ్గరికి రావడమంటే ఏళ్ళ తరబడి పని. అట్లా వచ్చినవాడు మళ్ళీ తాళం ముట్టుకోడు. ముట్టుకుంటే దిగిపోయాడనే లెక్క.

కోటిలింగం గారి వెనక ఏడేళ్ళు తాళం వేసినవాడు షేక్ సిలార్. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడు. సిలార్ గురువుగారి ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని, తెల్లారకముందే లేచి సాధకం చేసేవాడు. గుళ్ళో వాయించేవాడు, శుక్రవారం నమాజుకు వెళ్ళేవాడు. అందులో వింత ఉందని మా ఊళ్ళో ఎవరికీ తోచలేదు. గురువుగారు ఒక రోజు అతని చేతిలోంచి తాళాలు తీసుకుని నాదస్వరం పెట్టారు. ఆ రోజు అతను అన్నం తినలేదని గురువుగారి భార్య చాలాకాలం నవ్వుతూ చెప్పుకునేవారు.

తర్వాత గురువుగారికి ఉబ్బసం పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. నాదస్వరం గోడకు చేరింది. సరిగ్గా అప్పుడే బెజవాడ నుంచి ఒక క్యాసెట్ల కంపెనీవారు వచ్చారు. పెళ్ళి మంగళవాద్యం క్యాసెట్టు వేస్తామని, ఈ చుట్టుపక్కల కోటిలింగం గారి పేరే వినపడుతోందని అన్నారు. ఆయన ఊపిరి సంగతి వాళ్ళకు తెలియదు. ఆయన దాచలేదు కూడా. "నేను ఊదలేను, మా సిలార్ ఊదుతాడు, నాకన్నా బాగా ఊదుతాడు" అన్నారు. కంపెనీవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు సిలారే ముందుకొచ్చి, "నేను వాయిస్తా గానీ పేరు అయ్యగారిదే వెయ్యండి. ఆయన ఉండంగా నా పేరేంది?" అన్నాడు. కంపెనీవాళ్ళకు కావలసింది కూడా అదే. అట్లా వాయించింది ఒకరూ, అట్ట మీద బొమ్మ ఒకరిదీ అయ్యాయి. ఇందులో మోసం ఉందని ఎవరూ అనుకోలేదు. శిష్యుడు గురువుకు ఇచ్చుకున్నాడు, అంతే.

రికార్డింగు నాటికి తాళం వేసేవాడు జ్వరంతో పడ్డాడు, శ్రుతి వేసేవాడు పెళ్ళిచేసుకుని వెళ్ళిపోయాడు. డోలుకు అంకమ్మరావు ఉన్నాడు. నా తిత్తి ఆడించడానికి శేషారత్నం కూర్చుంది. ఆమె గురువుగారి కూతురు, అప్పటికి ఓణీలు వేసుకునే పిల్ల, తండ్రికి మందులు ఇవ్వడానికని వెంట వచ్చింది. ఆడపిల్ల మేళంలో కూర్చోవడం ఎక్కడా లేదు గానీ, బెజవాడ స్టూడియోలో ఆ అద్దాల గదిలో చూసేదెవరు? ఇక తాళం మిగిలింది. కోటిలింగం గారు మెల్లగా వంగి తాళాలు చేతిలోకి తీసుకున్నారు.

సిలార్ నాదస్వరం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "నేను వాయించను" అన్నాడు. "మీరు నా ఎనకమాల కూర్చుని తాళం ఏసేదేంది? నాకు పాపం చుట్టుకుంటది."

"ఏడేళ్ళు నాకు తాళమేశావు గదరా. ఒక్క పూట నేనేస్తే అరిగిపోతానా? కూర్చో, వాళ్ళకి టైమైపోతంది" అన్నారు గురువుగారు.

కూర్చున్నాడు. వాయించాడు. ఎట్లా వాయించాడో నేను చెప్పలేను. నాకు తెలిసింది ఒక్క స్వరమే కనుక మిగతావాటి గొప్ప నాకు అందదు. కానీ ఆ రోజు నా పక్కనే గాలి ఇంకో రకంగా ఉందని మాత్రం తెలిసింది. గట్టిమేళానికి ముందు వచ్చే కీర్తనలో అతను మెల్లమెల్లగా ఎక్కి పై సా, అంటే పై షడ్జమం మీద నిలిచాడు. అక్కడ తాళం పడాలి. పడలేదు. అంకమ్మరావు పుల్ల గాల్లోనే ఆగిపోయింది. రత్నం బెదిరిపోయి నా తిత్తిని గట్టిగా అదిమింది. సిలార్ మాత్రం వెనక్కి తిరగలేదు, భుజం కదపలేదు. ఆ షడ్జమాన్ని వదలకుండా అట్లాగే పట్టుకుని నిలబెట్టాడు. ఊపిరి అయిపోతుందేమో అనిపించేంతసేపు నిలబెట్టాడు. అప్పుడు వెనక నుంచి తాళం పడింది, డోలు అందుకుంది, అందరూ కలిసి దిగారు. అద్దం వెనక ఉన్న కంపెనీ మనిషి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ నిలబెట్టడం కావాలని చేసిందనుకున్నాడు.

గదిలోంచి బయటికి వస్తున్నప్పుడు సిలార్ గురువుగారి వైపు చూడలేదు. జబ్బు మనిషి, చెయ్యి రాలేదు, ఆ సంగతి ఆయనకు గుర్తుచెయ్యకూడదు అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఆ ఏడాది చివర్లోనే గురువుగారు పోయారు. తాళం సంగతి సిలార్ ఎవరితోనూ ఎత్తలేదు. ఆయన తన వెనక కూర్చుని తాళం వేశారన్నది ఎవరికీ తెలియకూడదని, తప్పారన్నది అసలే తెలియకూడదని మనసులో గట్టిగా ముడివేసుకున్నాడు.

క్యాసెట్టు బాగా అమ్ముడుపోయింది. తర్వాత సీడీ అయింది, తర్వాత ఫోన్లలోకి ఎక్కింది. ఆ నిలబెట్టిన షడ్జమం ఉంది చూశారూ, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకు అది ప్రాణం. సరిగ్గా మూడు ముళ్ళు పడేచోట దాన్ని అతికిస్తారు. ఇంత పేరు వచ్చాక జరిగిందేమిటంటే, జనం మేళాన్ని పిలవడం తగ్గించారు. స్పీకరు పెట్టి ఫోను నొక్కితే కోటిలింగం బృందమే వాయిస్తుంటే, ఇక మనుషులకు భోజనాలూ బస్సు ఖర్చులూ పెట్టి పిలిపించడం దేనికి? సిలార్ బతుకును సిలార్ వాయింపే మింగింది. అతనికి అది చాలా ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఏం చేస్తాడు? అప్పటికే ముందరి పళ్ళు ఊడిపోయాయి. నాదస్వరం కొసన ఉండే పీక పెదవుల మధ్య నిలవాలంటే వెనక పళ్ళ దన్ను ఉండాలి. అది లేకపోతే వచ్చేది గాలే. నా సంగతి చెప్పినట్టే ఉంది.

చివరికి బైపాసు పక్కన కట్టిన ఏసీ కల్యాణ మండపంలో వాచ్‌మన్‌గా చేరాడు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో విజిలు. లోపల పెళ్ళి జరుగుతున్నంతసేపూ స్పీకర్లలో అతనే వాయిస్తుంటాడు, బయట అతనే కార్లకు దారి చూపిస్తుంటాడు. మండపం మేనేజరుకు తెలియదు. చెబితే నమ్మడు కూడా. ఈ సంగతి శేషారత్నం ఇంటికి వచ్చినప్పుడు అతనే చెప్పి నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. ఆమె అప్పటికే అంగన్‌వాడీలో ఆయా. ఒంటరి మనిషి. వానొస్తే ఆమె ఇంట్లో నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి.

ఇట్లా ఉండగా ప్రిస్కిల్లా ఫోను చేసింది. ప్రిస్కిల్లా హైదరాబాదులో ఒక కళాకారుల సంస్థలో పనిచేస్తుంది. ఫోన్లలో, రేడియోల్లో, హోటళ్ళలో ఏదైనా రికార్డు మోగినప్పుడల్లా దాన్ని వాయించినవాళ్ళకు కొంత రాయల్టీ జమవుతుందట. అడగడానికి ఎవరూ రాకపోతే అది వాళ్ళ పేరు పక్కనే పడి ఉంటుందట. అట్లా పడి ఉన్న పేర్లకు మనుషులను వెతకడం ఆ అమ్మాయి ఉద్యోగం. వినడానికి పుణ్యకార్యంలా ఉంది గానీ, పాపం ఆ పిల్ల పడే పాట్లు చూస్తే నాకే జాలి వేసింది. మీకు డబ్బు రావాలండీ అని ఫోను చేసిన ఆడగొంతును ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారు?

"ఓటీపీ చెప్పమంటావు, అంతేగా?" అని శేషారత్నం మొదటిసారి పెట్టేసింది. రెండోసారి, "మా నాన్న పోయి ముప్పై ఏళ్ళయింది, ఆయన ఎవరికీ అప్పియ్యలా. ఇంక చెయ్యబాకు" అని పెట్టేసింది. మూడోసారి ఎత్తలేదు. చివరికి ఆ పిల్ల బస్సెక్కి వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, మెడలోని గుర్తింపు కార్డు తీసి చూపించింది. ఆరోజు ఎండ మండిపోతోంది. శేషారత్నం కార్డు చూడలేదు, ఆమె మొహం చూసింది. "ముందు కూర్చో. మజ్జిగ తాగు. తిట్టేది తర్వాత తిడతా" అంది.

ప్రిస్కిల్లా మజ్జిగ తాగి అంతా చెప్పింది. రికార్డు కోటిలింగం గారి పేరు మీద ఉంది కనుక వారసురాలిగా ఆమె అడిగితే వస్తుందని చెప్పింది. ఈ ఏడాది గడువులోగా అడక్కపోతే ఆ మొత్తం ఉమ్మడి ఖాతాలో కలిసిపోతుందని, అక్కడి నుంచి ఇప్పటికే బాగా మోగుతున్నవాళ్ళకు వెళ్ళిపోతుందని కూడా చెప్పింది. శేషారత్నం కొంగుతో మెడ తుడుచుకుని, "అయితే అది మా నాన్నది గాదమ్మా. ఊదింది సిలారన్న. మండపం కాడ ఉంటాడు, పోయి అడుగు" అంది. ఇంటి పైకప్పులోంచి ఎండ చిల్లులు చిల్లులుగా ఆమె మీద పడుతూనే ఉంది. ఆమె ఒకసారి కూడా పైకి చూడలేదు.

ప్రిస్కిల్లా మండపానికి వెళ్ళింది. సిలార్ విజిలు జేబులో పెట్టుకుని మర్యాదగా లేచి నిలబడి, "ఆ అమ్మాయికి తెలవదు తల్లీ, అప్పటికి చిన్నపిల్ల. ఊదింది గురువుగారే. అట్ట మీద బొమ్మ ఆయనదేగా? ఆ డబ్బులు ఆమెకే ఇప్పించండి. ఇంటి రేకులు మార్పించుకుంటది" అన్నాడు. తనకు మంచి జరిగినంత సంతోషంగా అన్నాడట. ఈ ముక్క ప్రిస్కిల్లా తిరిగి వచ్చి నీరసంగా కూర్చుని చెబితే విన్నాను.

ఆస్తి నాదంటే నాదని తన్నుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. భజన సమాజంలో హారతి పళ్ళెం చిల్లర కోసమే చొక్కాలు చించుకున్నారు. నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళను మాత్రం అప్పుడే చూశాను. హైదరాబాదులో ఉన్న కంప్యూటరుకు ఇట్లాంటిది అర్థం కాదు. ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు కనుక దాని లెక్కలో అది వివాదం. వివాదం తేలేదాకా ఎవరికీ ఏమీ ఇవ్వరాదని పైనుంచి జవాబు వచ్చింది. "మా సారు మీ ఇద్దరికీ రాజీ చేయమంటున్నారండీ" అని ప్రిస్కిల్లా ఫోన్లో చెబితే, శేషారత్నం, "మేము పోట్లాడుకుంటే గదమ్మా రాజీ?" అంది. ఆ మాటతో పోట్లాట మొదలైంది.

సిలార్ ఆ ఆదివారమే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఎందుకమ్మా రత్నం, లేనిపోనివి చెప్పి వచ్చేదాన్ని కాలదన్నుకుంటావు?" అన్నాడు.

"లేనిపోనివి చెప్పింది నేనా నువ్వా? ఆ పిల్ల బస్సు చార్జీలు పెట్టుకుని తిరగతా ఉంటే అబద్ధాలు చెబుతావా? సిగ్గనిపించలా?"

"అయ్యగారి పేరు మీద వచ్చింది నాకెట్టా అయిద్ది?"

"మా నాన్న ఊపిరి తీసుకోటానికే చచ్చేవోడు. ఆయన ఊదాడని చెప్పటానికి నీకు నోరెట్టా వచ్చింది? పోయి ముందు పళ్ళు కట్టించుకో అన్నా. మాట్టాడితే సగం గాలే వస్తంది."

అతను చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. నిజానికి పళ్ళు కట్టించుకోవాలని అతనికి ఎంత ఉందో ఆమెకు తెలుసు. గుంటూరులో డాక్టరు ఎంతవుతుందో చెప్పిన చీటీని అతను చొక్కా జేబులో అరిగిపోయేదాకా మోశాడు. చచ్చేలోగా ఒక్కసారి ఊదితే చాలు అని ఆమె దగ్గరే అన్నాడు. అంత కావాలనుకున్న మనిషి ఎందుకు వద్దంటున్నాడో ఆమెకు అంతు పట్టలేదు. గురుభక్తి అనుకుంది. గురుభక్తే గానీ, అందులో ఆమెకు కనపడని ముడి ఒకటి ఉందని నాకు తెలుసు. నేనూ తప్పుగానే తెలుసుకున్నాను, అది వేరే సంగతి.

గడువు దగ్గర పడింది. ప్రిస్కిల్లా మళ్ళీ వచ్చింది. ఈసారి సిలార్‌ను కూడా పిలిపించి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టింది. మేళంలో ఎవరు ఏది వాయించారో ఎవరికి వాళ్ళు చెబితే వీడియో తీసి పంపుతానంది. వాయిద్యాల ఫొటోలు ఉంటే మంచిదంటే శేషారత్నం స్టూలెక్కి నన్ను అటక మీంచి దించి, దుప్పటి తీసి, పైట చెంగుతో తుడిచింది. చాలా ఏళ్ళకు దుప్పటి చిల్లుల్లోంచి కాకుండా నేరుగా వెలుతురు చూశాను. అందరూ ముసలివాళ్ళయిపోయారు.

"డోలు అంకమ్మరావుగారు ఒంగోలు నుంచి తన వీడియో పంపించేశారండీ. ఎవరి పేరు రాసుకున్నా తనకు సమ్మతమే అన్నారు" అంది ప్రిస్కిల్లా. ఆ తర్వాత ఫోన్లో రికార్డు పెట్టింది. ముగ్గురూ విన్నారు. నేనూ విన్నాను. అందులో నా గొంతు ఇంకా బాగానే ఉంది. షడ్జమం దగ్గరికి వచ్చేసరికి సిలార్ కళ్ళు దించుకున్నాడు.

"శ్రుతి?" అంది ప్రిస్కిల్లా.

"నేనే" అంది శేషారత్నం. "దానికి కూడా డబ్బులిస్తారా? నేను చేసిందేముంది, లాగటం, ఒదలటం."

"ఇస్తారండీ, తక్కువే గానీ ఇస్తారు. నాదస్వరం సిలార్ గారు, మీరే కదా సార్? ఈమె ఒట్టేసి చెబుతున్నారు. మీరు కూడా ఒప్పుకుంటే అయిపోతుంది. మరి తాళం ఎవరండీ?"

సిలార్ లేచి చెప్పుల కోసం వెతుక్కున్నాడు. "నాకు డ్యూటీకి టైమయింది తల్లీ. నాకేమొద్దు. వదిలెయ్యండి."

"అన్నా, కూర్చో" అంది శేషారత్నం.

"నన్ను కూర్చోమనబాకు రత్నం!" అతని గొంతు పెద్దదైంది. పళ్ళు లేని నోట్లోంచి మాటలు అడ్డదిడ్డంగా వచ్చాయి. "నేను ఊదానంటే ఎనక తాళం ఎవురేశారని అడుగుతారా లేదా? అడిగితే ఏం చెప్పాలి? తాడిపర్తి కోటిలింగం గారు శిష్యుడి ఎనక కూర్చుని తాళమేశాడని రాయించాలా? రాయిస్తే ఊరుకుంటారా? ఆ షడ్జమం కాడ తాళమేదంటారు. జబ్బుతో ఆయన చెయ్యి రాలేదని, తాళం తప్పాడని, అది కూడా రాయించాలా? ముప్పై ఏళ్ళు ఎవురికీ తెలీకుండా కాసుకున్నా. నాలుగు పళ్ళ కోసం ఆయన్ని బజార్లో పెట్టాలా?"

అతను ఏడుస్తున్నాడు. ప్రిస్కిల్లా ఫోను పక్కన పెట్టేసింది. శేషారత్నం మాత్రం అతని వైపు వింతగా చూసి, ఉన్నట్టుండి నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్ళూ తడిశాయి.

"ఓరి నీ! దీనికా ఇన్నాళ్ళు?" అంది. "చెయ్యి రాకపోవటమేంది? ఆరోజు బస్సులో మా నాన్న నాతో ఏమన్నాడో తెలుసా? తాళం తప్పానే రత్నం, వాడు కాసుకున్నాడు అన్నాడు. చెయ్యి లాగిందా నాన్నా అనడిగా. చెయ్యికేమైందే, బానే ఉంది. వాడు పైకి ఎక్కేతలికి వింటా ఉండిపోయా. చేతిలో తాళాలున్న సంగతే మర్చిపోయా. అదీ ఆయనన్న మాట. గుంటూరు దాటిందాకా అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు."

సిలార్ వేసుకోబోయిన చెప్పు వదిలేశాడు. "నాకు చెప్పలేదే!"

"వాడితో చెప్పబాకు, నెత్తికెక్కుద్ది అన్నాడు. చెప్పలా. ఆ తర్వాత ఆయన పోయాడు, నా పెళ్ళీ పెటాకులూ, ఇంక అదెవరు గుర్తుపెట్టుకుంటారు? నువ్వు అడిగితే గదా చెప్పేది!"

నన్ను ఎవరూ చూడటం లేదు గానీ, నేను కూడా సిగ్గుపడ్డాను. శ్రుతి పెట్టె అబద్ధం ఆడదని ఆ పెద్దాయన అన్నారు. ఆయన చెయ్యి పడిపోయిందని ముప్పై ఏళ్ళు నాలో నేను అనుకుంటూ కూర్చున్నాను. పక్కనే ఉండి కూడా తెలుసుకోలేకపోయాను. స్వరం ఒకటే తెలిసినవాళ్ళ తెలివి ఇంతే.

సిలార్ పెరట్లోకి వెళ్ళాడు. మొహం కడుక్కుని వచ్చి, చొక్కా గుండీలు సర్దుకుని, ఇక తియ్యమ్మా అన్నాడు. వీడియోలో తన పేరు కూర్చునే చెప్పాడు. నాదస్వరం, షేక్ సిలార్. తాళం దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గురువుగారి పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీకు అదే ధ్యాసగా ఉంటుంది. గడువులోపే పని అయింది, డబ్బు వచ్చింది. ప్రపంచమంతా పెళ్ళిళ్ళలో మోగినదానికి అంతేనా అనిపించేంత వచ్చింది. గుంటూరు డాక్టరు ముందరి పళ్ళు మటుకు కట్టాడు. కొత్త పళ్ళతో పీక ఇంకా నిలవడం లేదు. సిలార్ మధ్యాహ్నం పూట వచ్చి శేషారత్నం వరండాలో కీచుకీచుమనిపిస్తుంటాడు, పక్కింటివాళ్ళు తిట్టుకుంటుంటారు. గురువుగారి తాళం వంతుకు వచ్చినదాంతో రేకులు సగం మారాయి. శ్రుతి వేసినందుకు తనకు విడిగా వచ్చినదాంతో శేషారత్నం కుక్కరు కొనుక్కుంది. నా తిత్తికి చిన్న తోలుముక్క వేయిద్దామని ఎవరికీ తోచలేదు. నన్ను మళ్ళీ అటకెక్కించేశారు. నేను ఏమీ అనుకోలేదు, అనుకునే ఓపిక కూడా పోయింది.

డబ్బు రావడానికి ముందు ఒక రోజు మాత్రం ప్రిస్కిల్లా ఇంకోసారి ఫోను చేసింది. సిలార్ అప్పుడు ఇక్కడే ఉన్నాడు. ఫోను గట్టిగా వినపడేలా పెట్టి గుమ్మానికి ఆనించారు. ఆ పిల్ల గొంతులో అలసట తెలుస్తూనే ఉంది. ఇట్లాంటి పేర్లు ఇంకా ఎన్ని వెతకాలో పాపం.

"సార్, అంతా ఓకే అయిందండీ. ఒక్కటే ప్రశ్న పంపించారు. పై స్వరం దగ్గర తాళం కాసేపు ఆగిపోయింది, అది రికార్డింగులో లోపమా అని అడుగుతున్నారు. కారణం రాయడానికి అక్కడ ఒక గడి ఉంది. ఏం రాయమంటారు?"

సిలార్ శేషారత్నం వైపు చూశాడు. ఆమె బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

"లోపం గాదు తల్లీ," అన్నాడు అతను. "ఆ కాసేపు మా గురువుగారు నన్ను విన్నారు. అట్టనే రాయి."